జార్ కాలం బ్రోచ్ అంటున్నాడు, వెనక 875 అని ముద్ర ఉంది. కొనొచ్చా?

కొంగుపిన్ను, హనుమకొండ

నేను గవర్నమెంట్ బడిలో సోషల్ టీచర్‌ని. చీర కొంగుకు పిన్నీసు బదులు బ్రోచ్ పెట్టుకోవడం నాకు అలవాటు. స్టాఫ్‌రూంలో నా పేరే బ్రోచ్ మేడమ్ అయిపోయింది. ఇప్పటిదాకా కొన్నవన్నీ నాంపల్లి ఎగ్జిబిషన్‌లో దొరికే రాళ్ల రకాలే. ఈ మధ్య పాత రష్యన్ నగల ఫొటోలు చూసి వాటి మీద పిచ్చి పట్టింది.

ఆన్‌లైన్‌లో ఒకాయన ఒక బ్రోచ్ అమ్మకానికి పెట్టాడు. కోలగా ఉంది, చుట్టూ వెండి తీగల అల్లిక, మధ్యలో వంకాయరంగు రాయి. 1890 నాటిదట, సైబీరియా అమెథిస్ట్ అట, ఏదో పెద్ద జమీందారీ ఇంటి నుంచి వచ్చిందట. ఇరవై రెండు వేలు చెప్పి, బేరమాడితే పద్దెనిమిదికి దిగాడు. ముందువైపు ఫొటోలు అడగకుండానే బోలెడన్ని పంపాడు. వెనకవైపు అడిగితే మాత్రం ఒక్కటే పంపాడు, అదీ మసక మసకగా. పెద్దది చేసి చూస్తే కిరీటం లాంటిది పెట్టుకున్న ఆడమనిషి తల కనిపిస్తోంది, కుడివైపుకు తిరిగి ఉంది. పక్కన 875 అని అంకె. పిన్ను కొక్కెం తిప్పితే లాక్ పడే రకం.

ఇంకో సంగతి. మా మామయ్యగారు పార్టీలో తిరిగినాయన, భారత–సోవియట్ సాంస్కృతిక సంఘం మీటింగులకు హైదరాబాద్ పోయి వచ్చేవారు. ఆయన దాచుకున్న బిస్కెట్ డబ్బాలో రష్యా బ్యాడ్జీలు గుప్పెడు ఉన్నాయి. మా ఆయన 'పాత ఇనుపసామాన్ల బండికి వేసెయ్' అంటున్నాడు. వాటికేమైనా విలువ ఉంటుందా?

బ్రోచ్ సంగతి రేపటికల్లా చెప్పకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు. నాకు పద్దెనిమిది వేలు చిన్న మొత్తం కాదు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చౌరస్తా బుల్లోడు

రేపటికల్లా అన్నాడంటే వదిలెయ్ అక్కా. ప్లాట్లు అమ్మేటోళ్లు కూడా ఇదే మాట అంటరు.

షెడ్డు పెద్దాయన, కాజీపేట

బిడ్డా, వాడు ఎంత మసక ఫొటో పంపినా నువ్వు చూడాల్సింది చూసినవ్. ఆ తల, ఆ 875 ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయంటే అది జార్ కాలం వస్తువు కాదు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదువు.

జార్లు, అంటే రష్యా చక్రవర్తుల రోజుల్లో అక్కడివాళ్లు స్వచ్ఛతను వెయ్యికి ఇంత అని లెక్కగట్టలేదు. వాళ్ల తూకం జొలోత్నిక్, మన లెక్కలో 4.266 గ్రాములు. 96 జొలోత్నిక్‌లు ఒక ఫుంత్. అందుకని 96 పాళ్లలో అసలు లోహం ఎన్ని పాళ్లో ఆ అంకె కొట్టేవాళ్లు. పాత వెండి మీద ఎక్కువగా 84 కనిపిస్తుంది, మేలు రకమైతే 88, 91. బంగారం మీద 56, 72. ఇప్పుడు 84ను 96తో భాగించు, 0.875 వస్తుంది. లోహం అదే, కానీ దాన్ని 875 అని రాయడం మొదలైంది సోవియట్ ప్రభుత్వం వచ్చాక, 1927లో.

ఇక ఆడమనిషి తల. ఆమె తలమీద ఉన్నది కిరీటం కాదు, కొకోష్నిక్ అని రష్యా ఆడవాళ్ల తలపాగా. ఆ ముద్ర వచ్చిందే 1899లో. అంతకుముందు ఏ ఊళ్లో పరీక్ష చేస్తే ఆ ఊరి చిహ్నం కొట్టేవాళ్లు: పీటర్స్‌బర్గ్‌కు అడ్డంగా వేసిన లంగర్లు, రాజదండం, మాస్కోకు గుర్రం మీద సెయింట్ జార్జి. 1899 నుంచి 1908 దాకా తల ఎడమవైపు చూస్తుంది, దగ్గర్లో పరీక్ష అధికారి పేరు పొడి అక్షరాలుంటాయి. 1908 నుంచి కుడివైపుకు తిరిగింది, అధికారి అక్షరాల చోటికి గ్రీకు అక్షరం వచ్చింది. విప్లవంతో ఆ తల పోయింది. 1927 నుంచి సుత్తి పట్టుకున్న కార్మికుడి తల, 1958 నుంచి నక్షత్రంలో సుత్తి కొడవలి. సోవియట్ యూనియన్ పోయాక 1994లో మళ్లీ కొకోష్నిక్ తలనే తెచ్చారు, ఈసారి వెయ్యి లెక్క అంకెతో. అంటే నీ బ్రోచ్ ముద్ర నిజమైనదే అనుకున్నా 1994కు ఇవతలిది. 1890 అన్నమాట ఎటు చూసినా నిలవదు, ఆ ఏటికి ఈ తలే లేదు.

ఒకవేళ 875 కాకుండా 84 ఉంటే కొనేసేదానివా? అప్పుడు కూడా ఆగమనే అంటాను. ఉక్కు అచ్చు ఉంటే 84 అని నేనూ కొట్టగలను. నేను డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసినవాణ్ని, బోల్టు తల మీది గీతలు చూసి ఎవరు బిగించారో చెప్పేవాణ్ని. బ్రోచ్‌ను కూడా అట్లాగే బోర్లించి చూస్తాను. ముద్ర అచ్చుతో కొట్టిందైతే గీతల అంచులు పదునుగా ఉంటాయి, లోహం పక్కకు కొంచెం ఉబికి ఉంటుంది. అసలుదాని నుంచి మూస తీసి పోత పోస్తే ముద్ర కూడా పోతలోనే వస్తుంది: అంచులు మెత్తబడి, లోపల సన్నటి బొరియలుంటాయి. పదింతలు చూపించే లూప్ ఒకటి కొనుక్కో, గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఉంటుంది.

తర్వాత కొక్కెం. పాత బ్రోచ్‌లకు ఇంగ్లిష్ సీ అక్షరంలా వంచిన ఒట్టి కొక్కెం ఉంటుంది, లాక్ ఉండదు, పిన్ను మొన ఒక్కోసారి బ్రోచ్ అంచు దాటి బయటికి వస్తుంది. నువ్వు చెప్పిన తిప్పే లాక్ 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. పాతదానికి తర్వాత ఎవరో మార్పించి ఉండొచ్చు, కాదనను. మార్పిస్తే అతుకు దగ్గర వేరే రంగు టంకం కనబడాలి. మడత బందు దగ్గర కూడా చూడు. నిజంగా నూరేళ్లు తీసి పెట్టిన పిన్నయితే బందు రంధ్రం ఒకవైపు అరిగి పిన్ను కొంచెం ఊగుతుంది. ముందువైపు నల్లబరిచి పాతదిలా చేసేవాళ్లు కూడా ఈ అరుగుడు తేలేరు, తేవాలన్న ఓపికా వాళ్లకుండదు.

వరంగల్ చౌరస్తాలో దుకాణానికి తీసుకుపోయి మిషన్‌లో పెట్టిస్తా అనుకోకు. ఆ మిషన్ వెండి ఎంతో చెబుతుంది, ఏ కాలందో చెప్పదు. 84కైనా 875కైనా దాని జవాబు ఒకటే.

రాయి సంగతి క్లుప్తంగా. కృత్రిమ అమెథిస్ట్ తయారు చెయ్యడం సోవియట్ రోజుల్లోనే నేర్చారు. అలెగ్జాండ్రైట్ అని చెప్పి రంగు మారే పెద్ద రాయి చూపిస్తే అది కృత్రిమ కొరండమ్ (కెంపు, నీలం జాతి రాయి) అయ్యే అవకాశమే ఎక్కువ. 583 ముద్ర ఉన్న సోవియట్ బంగారు నగల్లో ఎర్రగా మెరిసే పెద్ద కెంపులూ చాలావరకు ప్రయోగశాలవే. ఇక ఎవరైనా ఫాబెర్జె అని జార్లకు నగలు చేసినాయన పేరు ఎత్తి పద్దెనిమిది వేలంటే ఫోన్ పెట్టెయ్. ఆ పేరు మీద వచ్చినన్ని నకిలీలు రష్యన్ నగల్లో ఇంకో పేరు మీద రాలేదు.

నీకు కావాల్సింది బడికి పెట్టుకుపోయే బ్రోచ్ కదా, జార్‌ను మర్చిపో. రోస్తొవ్ ఊరి ఎనామిల్ పువ్వులవి, ఫెదోస్కినో లక్కబొమ్మల్లాంటి నల్లటివి, కాలినిన్‌గ్రాద్ అంబర్‌వి వెతుకు. సోవియట్ కాలానివి ఇప్పటికీ అందుబాటు ధరకు దొరుకుతాయి. అంబర్ అయితే ఉప్పు నీళ్లలో తేలుతుంది, బేకలైట్ అనే పాతకాలం ప్లాస్టిక్ మునుగుతుంది అని అందరూ చెప్తారు. నిజమే, కానీ బ్రోచ్‌కు ఇత్తడి చట్రం ఉంటే అసలు అంబర్ కూడా మునుగుతుంది. ఆ పరీక్ష విడి రాయికే.

బ్యాడ్జీల డబ్బా మాత్రం బండికి వెయ్యకు. ఫొటోలు పెట్టు. చింతపండు, పీతాంబరి పెట్టి తోమావంటే మాత్రం నేను ఊరుకోను.

తీగపని ఇంటివాడు, కరీంనగర్

పెద్దాయన ముద్రల సంగతి చెప్పారు, నేను అల్లిక గురించి చెప్తా. మా ఇంట్లో ఫిలిగ్రీ పనే. రష్యాలో కూడా ఇదే పని ఉంది, వోల్గా ఒడ్డున క్రాస్నోయె అనే ఊరు దానికి పేరుపొందింది.

చేత్తో చేసింది ఎలా ఉంటదంటే: సన్నటి వెండి తీగలు రెండు పురిపెట్టి, దాన్ని అదిమి పట్టీలా చేస్తాం. ఆ పట్టీని నిలబెట్టి చుట్లు తిప్పి చట్రంలో కూరుస్తాం, వెలిగారం వేసి అతుకుతాం. అందుకే పైనుంచి చూస్తే ప్రతి తీగ అంచున పురి గాట్లు వరసగా కనబడతాయి. ఏ రెండు చుట్లూ అచ్చం ఒకేలా ఉండవు, ఒకటి బిగుతు, ఒకటి వదులు. పోత పోసినదాంట్లో ఆ గాట్లు పూడుకుపోతాయి, కుడివైపు చుట్టు ఎడమవైపు చుట్టుకు నకలులా ఉంటుంది, సందుల్లో చిన్న పొరలు మిగిలిపోతాయి. ముందువైపు ఫొటోలు బాగున్నాయన్నారు కదా, వాటిలోనే తెలిసిపోతుంది మేడమ్, పెద్దది చేసి చూడండి.

ఏదైనా పాతది కొన్నాక కొక్కెం ఊడితే సీసం టంకం పెట్టే దుకాణానికి ఇవ్వొద్దు. సీసం ఒకసారి పడ్డాక మళ్లీ వెండి టంకం పెట్టాలంటే వేడికి ఆ సీసం వెండినే తినేస్తది. వెండి పని చేసే అవుసులాయనకే ఇవ్వండి.

వోల్గా తమ్ముడు, కజాన్‌లో ఎంబీబీఎస్

అక్కా, మాది నర్సంపేట, ఇక్కడ చదువుకుంటున్న. రష్యాకు వచ్చిపోయేటోళ్లతో తెప్పించుకుందామని నీకు ఆలోచన వస్తే ముందే చెప్తున్న. మాస్కోలో ఇజ్మాయిలోవో, పీటర్స్‌బర్గ్‌లో ఉదెల్నయా సంతలు పాత సామాన్లకు పెట్టింది పేరు. ఉదెల్నయాలో ముసలమ్మలు దుప్పటి పరిచి బ్యాడ్జీలు, చెంచాలు, బ్రోచ్‌లు పోసి కూర్చుంటారు. మన జుమ్మేరాత్ బజారే అనుకో, చలి ఒక్కటే తేడా. ఇజ్మాయిలోవో టూరిస్టుల సంత, అక్కడ రేట్లు వాళ్లకు తగ్గట్టే ఉంటాయి.

సోవియట్ కాలపు మామూలు బ్యాడ్జీ, అంబర్ బ్రోచ్ తెచ్చుకుంటే ఎవరూ ఏమనరు. నిజంగా పాత నగైతే బయటికి తేవాలంటే నిపుణుల పరిశీలన, కాగితాలు కావాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. ఆర్డర్ అని పిలిచే బిరుదు చిహ్నాలు, పతకాలు అసలు ముట్టుకోవద్దు. ప్రభుత్వ పురస్కారాలు కొనడం, అమ్మడం ఇక్కడ క్రిమినల్ కేసు. మా సీనియర్లు కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ ఇది చెప్తారు.

అక్కడి నుంచి డబ్బు పంపి కొందామంటే అదీ కష్టమే. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ కంపెనీలు రష్యాలో పని ఆపేసినయి.

కొంగుపిన్ను, హనుమకొండ

అందరికీ థ్యాంక్స్. తీగపని తమ్ముడు చెప్పినట్టు పెద్దది చేసి చూశాను. కుడి ఎడమ చుట్లు అద్దంలో చూసుకున్నట్టే ఉన్నాయి, పురి గాట్లు ఎక్కడా లేవు. అమ్మే ఆయనకు మెసేజ్ పెట్టాను: 1890 అయితే ఈ తల ఎలా వచ్చింది, 875 ఎలా వచ్చింది అని. సాయంత్రం దాకా ఉలుకు లేదు. తర్వాత 'మేడమ్, మీకు కాబట్టి తొమ్మిది వేలు' అన్నాడు. జార్ ఎక్కడికి పోయాడని అడగబుద్ధేసింది. వద్దని చెప్పేశాను.

డబ్బా మొత్తం మంచం మీద పోశాను. ఒలింపిక్స్ ఎలుగుబంటి మూడు, అల్యూమినియంవి, తేలిగ్గా ఉన్నాయి, వెనక కోపెక్‌లలో, అంటే రష్యా పైసల్లో ధర అచ్చు వేసి ఉంది. ఎర్ర నక్షత్రంలో ఉంగరాల జుట్టు పిల్లవాడు ఒకటి. జెండా మీద లెనిన్ తల ఒకటి, ఇది బరువుగా, ఎనామిల్ నున్నగా ఉంది. ఇంకొకదాంట్లో రాకెట్, ఒక పక్క మన జెండా రంగులు, ఇంకో పక్క ఎరుపు. ఆర్డర్లకు ఉన్నట్టు స్క్రూ ఉన్నవి, నంబర్ వేసినవి ఏవీ లేవు.

షెడ్డు పెద్దాయన, కాజీపేట

ఎలుగుబంటి మిషా, 1980 మాస్కో ఒలింపిక్స్. లక్షల్లో చేశారు, ఎవరైనా అరుదైనదంటే నవ్వి ఊరుకో. నక్షత్రంలో పిల్లవాడు చిన్నప్పటి లెనిన్, అక్కడి చిన్నపిల్లలు బడికి పెట్టుకునేది. జెండాది కొమ్సొమోల్, అంటే అక్కడి కమ్యూనిస్టు యువజన సంఘం సభ్యులది. అమ్మితే వీటికి పెద్దగా రాదు, ఉంచుకో.

రాకెట్‌ది మాత్రం వేరుగా తీసిపెట్టు. మన రంగులు ఉన్నాయంటే 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11 నౌకలో అంతరిక్షానికి పోయినప్పటిది కావొచ్చు. ఆయన హైదరాబాద్‌లో చదువుకున్నవాడే. వెనకవైపు ఫొటో పెట్టు, తయారీదారు గుర్తు చూడాలి. ముందువైపు అక్కర్లేదు.

కొంగుపిన్ను, హనుమకొండ

పెడతాను సార్. దాన్ని బడికి పెట్టుకుపోవచ్చా? పిల్లలకు చూపిద్దామని.

షెడ్డు పెద్దాయన, కాజీపేట

పెట్టుకో, కానీ పట్టుచీర మీద వద్దు. ఆ పిన్ను తుప్పు పట్టి ఉంటే మరక పోదు. కాటన్ చీర అయితే కొంగు వెనక చిన్న గుడ్డముక్క వేసి రెండూ కలిపి గుచ్చు, బరువుకు చిరగదు. లాక్ లేని పిన్ను కాబట్టి మొన మీద సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క తొడుగు, ఊడిపోదు. ఫొటో ఇవాళే పెట్టు.