దూలగొండి పొడి: పార్కిన్సన్స్‌కి మాత్ర మానేసి వాడొచ్చా?

గట్టుమీద: నాన్నగారికి 68 ఏళ్లు, నాలుగేళ్లుగా లెవోడోపా మాత్రలు వాడుతున్నారు. పెదనాన్న దూలగొండి గింజల పొడి డబ్బా తెచ్చి "చెట్టు మందే కదా, ఆ మాత్రలు ఆపేయ్‌రా" అంటున్నారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీరేమంటారు?

పసరువైద్యం: పెదనాన్నగారి మాట కొట్టిపారేయకండి. ఆయుర్వేదంలో కపికచ్ఛువు అనేది దీన్నే, కంపవాతానికి, అంటే ఈ పార్కిన్సన్స్ లాంటి వణుకు జబ్బుకి, పాత మందు. 2004లో లండన్‌లో 8 మంది రోగులకి 30 గ్రాముల పొడి ఇచ్చి చూశారు. మాత్రకి 68 నిమిషాలు పడితే పొడి 35 నిమిషాల్లోనే పని మొదలుపెట్టింది.

కొండదారి: మాకు దూలగొండి అంటే తీగ మీద కాయలు, వాటి నూగు. బడిలో బెంచీ మీద రాసి పారిపోయేవాళ్లం. గింజ మాత్రం నీళ్లు మార్చి మార్చి ఉడికించాకే తినాలనేది అమ్మమ్మ.

మందులకొట్టు: అమ్మమ్మది సరైన మాట, ఆ నీళ్లతో మందు చాలావరకు పోతుంది. గింజలో ఉన్నది లెవోడోపానే. 1937లోనే దామోదరన్, రామస్వామి దాన్ని విడదీశారు. మాత్ర మాని పొడి పట్టుకుంటే మందు అదే, కొలతే పోయింది. లండన్‌లో పొడిలో ఎంతుందో తెలిసే ఇచ్చారు. మీ డబ్బాలో ఎంతుందో ఎవరు చూశారు? పైగా లెవోడోపా మెదడుకి చేరకముందే ఒంట్లో ఖర్చైపోకుండా మాత్రలో కార్బిడోపా కలుపుతారు. పొడిలో అది లేదు.

పసరువైద్యం: మాత్రతో మాత్రం వికారం రాదా? మాత్ర కొనలేని వాళ్ల సంగతేంటి? ఆ ఆలోచనతోనే బొలీవియాలో 18 మందికి వేయించిన గింజల పొడి ఇచ్చి చూశారు, ఫలితం మాత్రకి తీసిపోలేదని 2017లో రాశారు.

మందులకొట్టు: అది ఒక్కో డోసు లెక్క. తర్వాత రోజూ వాడించి చూస్తే 14 మందిలో ఏడుగురు మధ్యలోనే మానేశారు. నలుగురికి కడుపు పడలేదు, ముగ్గురికి కదలిక ఇంకా దిగజారింది. కొనలేని వాళ్ల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఈయనకి మాత్ర అందుతోంది కదా!

గట్టుమీద: ఇప్పుడే తెలిసింది. నాన్నగారు నాలుగు రోజులుగా మాత్ర వేసుకుంటూనే పాలలో చెంచాడు పొడి కూడా కలుపుకుంటున్నారట. నిన్నటి నుంచి భుజం, చెయ్యి వాటంతట అవే మెలికలు తిరుగుతున్నాయి. జబ్బు ముదిరిందని టెన్షన్ పడుతున్నాం.

మందులకొట్టు: డోసు ఎక్కువైనా అలాగే అవుతుంది. పొడి ఆపండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, ఒక్కసారిగా మానితే ప్రమాదం. న్యూరాలజిస్టుకి ఇప్పుడే ఫోన్ చేయండి.

పసరువైద్యం: ఇక్కడ నేనూ ఆయన మాటే అంటాను. ముందు ఫోన్ చేయండి.

గట్టుమీద: చేశాను, రేపు పొద్దున్నే రమ్మన్నారు. డబ్బా కూడా తెమ్మన్నారు. పెదనాన్నా వస్తానంటున్నారు, వాదించడానికే అనుకుంటా.