అప్‌డేట్: పది తప్పి ఆటోనగర్‌లో చేరిన కుర్రాడి చదువు

అమ్మానాన్న లేని పిల్లాడు, పది తప్పి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ (ఇనుము తిప్పుతూ చెక్కే యంత్రం) పనికి కుదిరాడు, మళ్ళీ చదివించడమెలా అని అడిగాను కదా. మీరన్నట్టే ఎన్‌ఐఓఎస్‌లో (రోజూ బడికి వెళ్ళకుండా పది రాయించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) తెలుగు మీడియంలో చేర్పించాం.

మొత్తం 5 సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 33 శాతం రావాలి. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. 5 ఏళ్ళలో 9 అవకాశాలు, పాసైనవి నిలిచే ఉంటాయి. పాత మెమోలో గట్టెక్కినవి రెండింటిదాకా బదిలీ అవుతాయి, అడ్మిషన్ అప్పుడే అడగాలి. అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంది, వదులుకోకండి.

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టీసీలో పొడి అక్షరంగా ఉంటే ముందే సరిచేయించుకోండి. లెక్కలు కష్టం, వేరేది తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి! పాలిటెక్నిక్‌కి పదిలో లెక్కలు ఉండాల్సిందే. వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) ఇనుప షాఫ్ట్ కొలిచేవాడికి దశాంశాలు కొత్తేం కాదు, పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.

ఆదివారం గుణదల మేరీ మాత గుడిలో ప్రార్థన అయ్యాక గంటసేపు పుస్తకం, ఇది నియమం. మాత మీద భారం వేయడం మంచిదే, అసైన్‌మెంట్ మాత్రం తనే రాసుకోవాలి మరి.

పరీక్షలు ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో. ముందు తెలుగు, సాంఘికం. లెక్కలు, సైన్సు తర్వాతి విడతకి.