రేడియేషన్‌కి క్యాన్సర్ స్టెమ్ సెల్స్ చావవట, నిజమేనా? అక్కకి ట్రీట్‌మెంట్ నడుస్తోంది

గుంటూరు_చెల్లి:
అందరికీ నమస్కారం. మా అక్కకి రొమ్ము క్యాన్సర్, గడ్డ వరకే తీశారు, కీమో కూడా అయిపోయింది, ఇప్పుడు కరెంటు పెడుతున్నారు, మొత్తం 15 సిట్టింగులన్నారు. నిన్న రాత్రి ఫోన్లో చదువుతుంటే క్యాన్సర్ స్టెమ్ సెల్స్ అని ఉంటాయట, రేడియేషన్‌కి అవి చావవట, పైగా దానివల్లే కొత్తవి పుడతాయట. చదివినప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. అక్కకి చెప్పలేదు, చెప్తే రేపట్నుంచి రానంటుంది. నిజమైతే మరి ఎందుకు పెడుతున్నట్టు? ఇంకోటి, మా పిన్ని యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ తెచ్చిచ్చింది, వెయ్యొచ్చా?

కణాల_కబుర్లు:
ముందు అక్కగారి సిట్టింగ్ మాత్రం మాన్పించకండి. నేను రేడియేషన్ బయాలజీలోనే పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మీరు చదివింది అబద్ధం కాదండి, కానీ సగమే. 2003లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు రొమ్ము గడ్డల్లోంచి పైపొర మీద సీడీ44 అనే ప్రొటీన్ ఉండి సీడీ24 అనేది తక్కువున్న కణాల్ని ఏరి ఎలుకల్లో పెడితే, వంద కణాలతో కూడా గడ్డ కట్టింది, మిగతా రకం వేలకి వేలు పెట్టినా కట్టలేదు. ఇలా కొత్త గడ్డ కట్టగల కణాల్నే క్యాన్సర్ స్టెమ్ సెల్స్ అంటారు. 2006లో అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీ వాళ్ళు ల్యాబ్‌లో పెంచే ఎంసీఎఫ్-7, ఎండీఏ-ఎంబీ-231 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద రేడియేషన్ పెట్టి చూశారు. డీఎన్ఏ రెండు పోగులూ తెగిన చోట గామా-హెచ్2ఏఎక్స్ అనే గుర్తు పడుతుంది, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే న్యూక్లియస్‌లో చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. ఈ స్టెమ్ సెల్స్‌లో ఆ చుక్కలు తక్కువ కనబడ్డాయి, ఎందుకంటే రేడియేషన్ దెబ్బలో పెద్ద భాగం ఫ్రీ రాడికల్స్ (కణంలో పుట్టి డీఎన్ఏని దెబ్బతీసే చురుకైన అణువులు) ద్వారానే తగులుతుంది, వీటిలో అవి తక్కువ. 2009లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు, ఫ్రీ రాడికల్స్‌ని అణిచే గ్లూటాథయోన్‌ని మందుతో తగ్గిస్తే ఇలాంటి కణాలు రేడియేషన్‌కి లొంగాయి. ఇక కొత్తవి పుట్టడమంటారా, 2012లో మళ్ళీ యూసీఎల్ఏ నుంచే వచ్చింది, మామూలు క్యాన్సర్ కణాల్లో కొన్ని దెబ్బ తిన్నాక ఆక్ట్4, సాక్స్2 లాంటి జీన్స్ ఆన్ చేసుకుని స్టెమ్ సెల్స్‌లా మారాయని.

కానీ ఇక్కడే చాలామంది తికమకపడతారు. చావవు అని ఎవరూ అనలేదు, అదే డోసుకి తక్కువ చస్తాయి అన్నారు, డోసు పెంచేకొద్దీ అవీ చస్తాయి. మామూలువి ముందు చచ్చిపోతే మిగిలినవాటిలో స్టెమ్ సెల్స్ శాతం దానంతటదే పెరిగి కనబడుతుంది, అంత మాత్రాన అన్నీ కొత్తగా పుట్టాయని కాదు. పైగా ఆ మారినవి కూడా రేడియేషన్ దెబ్బ తిని మిగిలిన కొద్ది కణాల్లోంచి వచ్చినవే.

ఇదంతా ల్యాబ్ మాట. మనుషుల మాటకొస్తే, గడ్డ మాత్రమే తీయించుకున్న 10 వేలమందికి పైగా ఆడవాళ్ళ లెక్కలు 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. రేడియేషన్ లేనివాళ్ళలో పదేళ్ళలో 35 శాతం మందికి తిరగబెడితే, పెట్టినవాళ్ళలో 19.3 శాతమే. పదిహేనేళ్ళకి ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు 25.2 నుంచి 21.4 శాతానికి తగ్గారు. స్టెమ్ సెల్స్ నిజంగా చావకపోతే ఈ తేడా రాదు కదా.

సిట్టింగ్_రూమ్:
రేడియేషన్ మెషిన్ దగ్గర పని చేస్తానమ్మా, క్యాప్సూల్స్ సంగతి నేను చెప్తా. పైన ఆయన రాశారు చూడు, రేడియేషన్ దెబ్బలో పెద్ద భాగం ఫ్రీ రాడికల్స్ ద్వారానే అని, మరి వాటిని అణిచే మందు పెద్ద డోసులో మనమే మింగిస్తే ఏం లాభం? డాక్టర్‌ని అడక్కుండా ఒక్కటి కూడా వెయ్యకు. పళ్ళు, కూరలు మామూలుగా తినొచ్చు, వాటికి భయపడక్కర్లేదు. ఒంటి మీద మార్కర్‌తో గీసిన గీతలు సబ్బు పెట్టి రుద్దొద్దని అక్కకి చెప్పు, అవి పోతే మాకు మళ్ళీ సరిచూసుకోవాల్సి వస్తుంది. వదులుగా ఉండే కాటన్ బట్టలు వేయించు. సిట్టింగులు మధ్యలో మానడం మాత్రం వద్దే వద్దు, గ్యాప్ ఇస్తే మిగిలిన కణాలు ఆ టైంలో పెరుగుతాయి.

గుంటూరు_చెల్లి:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. క్యాప్సూల్స్ పక్కన పెట్టేశా, పిన్నికి నేనే చెప్తాను. ఒక్క డౌటు, ఆ స్టెమ్ సెల్స్‌ని కూడా చంపే మందేదైనా రేడియేషన్‌తో పాటు ఇవ్వొచ్చు కదా?

కణాల_కబుర్లు:
దాని మీదే మాలాంటివాళ్ళందరం పడుతున్నామండి. కణాలు ఒకదానికొకటి పంపుకునే నాచ్ అనే సిగ్నల్‌ని ఆపితే, మామూలు కణాలు స్టెమ్ సెల్స్‌లా మారడం కొంత తగ్గిందని ఆ 2012 పనిలోనే ఉంది. కానీ మన పేగులకి కూడా అదే సిగ్నల్ కావాలి, ఆపితే విరేచనాలు పట్టుకుంటాయి, అందుకే అంత తేలిగ్గా మనుషులకి ఇవ్వలేకపోతున్నారు. ప్రస్తుతానికి డాక్టర్ల చేతిలో ఉన్నది గడ్డ తీసిన చోట అదనంగా పెట్టే బూస్ట్ డోసు, తిరగబెట్టే అవకాశం ఎక్కువున్నవాళ్ళకి ఇస్తారు. అక్కగారికి అది అవసరమా అని ఈసారి వెళ్ళినప్పుడు అడగండి.