గొడుగు లంగాకి నడుముని ఆరుతో భాగిస్తే అది గణితమా, ఉత్త అలవాటా?

లెక్కల మాస్టారు, మద్దిలపాలెం:
టైలర్లు, వడ్రంగులు, తాపీమేస్త్రీలు రోజూ గణితం చేస్తున్నారని ఈమధ్య అందరూ తెగ రాస్తున్నారు. నేనొప్పుకోను. వాళ్ళది చేతి అలవాటు. ఎందుకలా వస్తుందో చెప్పగలిగితేనే గణితం. కాదనేవాళ్ళుంటే చెప్పండి.

కుట్టుమిషన్, గాజువాక:
కాదనే అంటాను మాస్టారూ. గొడుగు లంగా అంటే పరిస్తే నిండు గుండ్రంగా వచ్చేది. నడుము 30 అంగుళాలైతే ఆరుతో భాగించి 5 తీసుకుంటాం. గుడ్డ నాలుగు మడతలేసి, మడతల మూల దగ్గర టేపు పట్టుకుని 5 అంగుళాల దూరంలో వంపుగా సుద్ద గీత గీసి, కుట్టుకి అర అంగుళం వదిలి లోపలికి కత్తిరిస్తాం. చుట్టుకొలత నుంచి వ్యాసార్థం రావాలంటే 6.28తో భాగించాలి కదా అంటారు మీరు, తెలుసు. 5కి చుట్టుకొలత 31.4 వస్తుంది, దాదాపు అంగుళంన్నర ఎక్కువ. కానీ జిప్పు కోసం ఒక పక్క చీల్చి కుడితే రెండు అంచుల్లో కలిపి అంగుళం పోతుంది, మిగిలిన కాస్తా పట్టీ వేసేటప్పుడు సర్దుకుంటుంది. కుట్టు సంగతి మర్చిపోయి మీ 6.28తో కత్తిరిస్తే లంగా నడుముకి ఎక్కదు, కస్టమర్ తెచ్చి మొహాన కొడుతుంది. సగం గొడుగు, అంటే అర్ధవృత్తం లంగా అడిగితే మూడుతో భాగిస్తాం. అలవాటైతే అన్నిటికీ ఆరే వెయ్యాలి కదా?

లెక్కల మాస్టారు:
ఆ మూడూ పని నేర్పినవాళ్ళే చెప్పుంటారు. నిరూపణ ఏదమ్మా?

ఇల్లు కడుతున్నా, మధురవాడ:
నిరూపణ లేనిది గణితం కాదంటే బౌధాయనుడి పేరూ కొట్టేయాలి. దీర్ఘచతురస్రం కర్ణం గురించి యజ్ఞవేదికల కొలతలు చెప్పే తన శుల్బసూత్రంలో సూత్రమే చెప్పాడు, నిరూపణ ఇవ్వలేదు. మా పునాదికి మేస్త్రీ మూలలో మేకు కొట్టి, ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 గుర్తు పెట్టి మధ్య దూరం కొలిచాడు. మూల సరిగ్గా ఉంటే 5 రావాలి, కాస్త తక్కువొచ్చింది. 'మూల మూసుకుంది సార్' అని దారం జరిపాడు. అంతటితో వదల్లేదు, మళ్ళీ 6, 8, 10 పెట్టాడు. ఎందుకంటే 'పొడుగు పెడితే చిన్న తేడా కూడా దొరికిపోద్ది' అన్నాడు. ఇది కారణం చెప్పడం కాదా?

అనకాపల్లి బెల్లం:
అలాగని అన్నిటికీ లెక్క అంటించకండి బాబూ. లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్ళి చూడండి. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క ముక్కని దానికి అదిమి పడతారు, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఎంత అదమాలో అంకె లేదు, చేతికే తెలుస్తుంది. దాన్ని కూడా గణితం అంటేనే గొప్ప అన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్ళు మండుద్ది.

లెక్కల మాస్టారు:
6, 8, 10 మాట బాగుంది, అది ఒప్పుకుంటాను. కానీ పదిమంది మేస్త్రీల్ని అడిగితే ఎంతమంది అలా చెప్పగలరు?

కుట్టుమిషన్, గాజువాక:
మీ పదో తరగతి పిల్లల్ని 6.28 ఎక్కణ్ణించి వచ్చిందో అడగండి మాస్టారూ. ఎంతమంది చెప్పారో ఇక్కడే రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.