సోషల్ గదికి ఒక్కటే కొనాలంటే: పెద్ద తెరా, గ్లోబులూ పటాలా?

రేఖాంశం:
మా బడిలో సోషల్‌కి ఈ ఏడాది ప్రత్యేకంగా ఒక గది ఇచ్చారు. ఉన్న డబ్బుతో మాత్రం ఒక్కటే కుదురుతుంది. నెట్‌తో పనిచేసే పెద్ద టచ్ తెర ఒకటి కొనుక్కోవాలి, లేదంటే నలుగురికొకటి చొప్పున పది గ్లోబులు, గోడ పటాలు, తరగతికి సరిపడా అట్లాసులు కొనుక్కోవాలి. స్టాఫ్ మీటింగ్‌లో అందరూ తెర వైపే మొగ్గారు. "గూగుల్ ఎర్త్ 2005 నుంచి ఉచితంగా దొరుకుతుంటే ఇంకా ఈ ప్లాస్టిక్ బంతులెందుకండీ" అన్నారొకరు. గ్లోబుల వైపు నేనొక్కణ్ణే మిగిలాను.

నా కారణం చెప్తాను. నిరుడు ఏడో తరగతిలో, లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి విమానం ఏ దారిన పోతుందని అడిగాను. అందరూ గోడ పటం మీద స్కేలు పెట్టి అట్లాంటిక్ మీదుగా తిన్నగా గీత చూపించారు. అప్పుడు గ్లోబూ దారమూ చేతికిచ్చి, రెండు ఊళ్ళ మధ్య దారాన్ని బిగించి పట్టుకోమన్నాను. దారం గ్రీన్‌లాండ్ మీదికి వెళ్ళింది. ఒకమ్మాయికి నమ్మకం కుదరలేదు. దారాన్ని అట్లాంటిక్ మీదికి దించబోయింది. మూడుసార్లు ప్రయత్నించి, "కిందికి జరిపితే దారం సరిపోవట్లేదు సార్" అంది. చదునైన పటం మీద తిన్నగా కనిపించే దారి గుండ్రటి భూమి మీద దగ్గరి దారి కాదని ఆ పిల్ల తనంతట తనే కనిపెట్టింది. నేను బోర్డు మీద ఒక్క ముక్క రాయలేదు.

నేను పొరపాటు పడుతున్నానా? తెర వైపు ఉన్నవాళ్ళు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

నదీతీరం:
సార్, మీ దారం పాఠం నాకు నచ్చింది, రేపే చేయిస్తాను. అయినా నా ఓటు తెరకే.

మధ్య ఆసియాలోని అరల్ సముద్రం గురించి పుస్తకంలో ఒక్క పేరా ఉంటుంది. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అనీ, 1960ల నుంచి అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్ళను పత్తి పొలాలకు మళ్ళించడంతో ఎండిపోయిందనీ. పిల్లలు చదువుతారు, కింద గీత గీసుకుంటారు, పరీక్షలో రాస్తారు, అంతే. అదే చోటును గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాదికేడాది నడిపి చూపించాను. నీలం రంగు పిల్లల కళ్ళముందే చీలి, తరిగి, తెల్లటి నేల బయటపడింది. ఎప్పుడూ గోలగా ఉండే తరగతిలో ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్లాడు, "అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళు ఏమయ్యారు మేడమ్?" అన్నాడు. ఇంకొకడు లేచి తెర దగ్గరికొచ్చి, "పైన ఉన్న చిన్న ముక్క ఎండిపోవట్లేదు, ఎందుకు?" అన్నాడు. కజకిస్తాన్‌లో 2005లో కోక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తర భాగంలో నీటిమట్టం మళ్ళీ పెరిగింది. పాఠ్యపుస్తకంలో లేని ఆ సంగతి పిల్లాడి కంటికే దొరికింది. ఆ రెండు ప్రశ్నల మీదే మూడు పీరియడ్లు నడిచాయి. పది గ్లోబులు పెట్టినా ఆ ప్రశ్నలు పుట్టవు కదా?

ఇంకొకటి. గ్లోబు పాతబడిపోతుంది. దక్షిణ సూడాన్ 2011 జులైలో స్వతంత్ర దేశమైంది. అది లేని గ్లోబులు ఇప్పటికీ ఎన్ని బీరువాల మీద ఉన్నాయో!

పాతఅట్లాస్:
అమ్మా నదీతీరం, నేను రిటైరైన సోషల్ మాస్టారిని. ఆ చివరి మాట ఒక్కటీ ఒప్పుకోలేను. పాతబడిన పటాన్ని లోపమున్న సామానుగా చూడకండి. నా సర్వీసులో పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసిన పీరియడ్ పాత పటాల పీరియడే.

పని చాలా తేలిక. అచ్చయిన సంవత్సరం ఉన్న మూలను కాగితంతో కప్పేసి, "ఈ పటం ఏ ఏడాదిదో చెప్పండి" అనేవాణ్ణి. పిల్లలు గుంపులుగా పటం మీదికి వంగేవారు. జర్మనీ ఒకటే ఉంది, సోవియట్ యూనియన్ కూడా ఉంది. అయితే 1990 అక్టోబరుకీ 1991 డిసెంబరుకీ మధ్యదన్నమాట. చెకోస్లొవేకియా ఒకే దేశంగా ఉంటే 1993కి ముందుది. అప్పర్ వోల్టా అని ఉంటే 1984కి ముందుది, అది ఆ ఏడాదే బుర్కినా ఫాసో అయింది. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) అని ఉంటే 1980కి ముందుది. అక్కడ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, పేరెందుకు మార్చుకున్నారని. సెసిల్ రోడ్స్ అనే ఒక ఆంగ్లేయుడి పేరు మీద ఒక దేశాన్ని పిలిచారని తెలిసినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి. వలస పాలన అంటే ఏమిటో నేను నిర్వచనం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

తెర మీది పటం ఎప్పుడూ ఇవాళ్టిదే చూపిస్తుంది. పాత పేరును చెరిపేసి కొత్తది పెడుతుంది. సరిహద్దులు మనుషులు గీసినవనీ, మారుతుంటాయనీ పిల్లలకు తెలిసేది కాలం చెల్లిన పటాల వల్లే. ఎక్కడైనా పాతవి పారేస్తుంటే దయచేసి తెచ్చుకోండి.

నదీతీరం:
మాస్టారూ, ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. పాత గ్లోబు మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సరిహద్దుల విషయంలో తెర కూడా ఒక పాఠం చెప్తుంది. వివాదంలో ఉన్న కొన్ని సరిహద్దులను ఆన్‌లైన్ మ్యాపులు చూసేవాళ్ళ దేశాన్ని బట్టి వేరుగా చూపిస్తాయి. 2014లో రష్యా ఉక్రెయిన్ నుంచి కలిపేసుకున్న క్రిమియా విషయంలో అదే జరిగింది, రష్యాలో తెరిస్తే ఒకలా, బయట తెరిస్తే ఇంకోలా. పదో తరగతి పిల్లలకు ఇది చెప్పితీరాలి.

త్రికోణమితి:
నేను లెక్కల టీచర్ని, మధ్యలో మీ చర్చలోకి దూరుతున్నందుకు ఏమనుకోకండి. తెరా కాగితమా అని తేల్చుకునే ముందు, ఏ పటం అన్నది తేల్చుకోవాలి. తప్పు పటం కొంటే కాగితం మీదున్నా తెర మీదున్నా తప్పే నేర్పుతుంది.

బడి గోడల మీద ఎన్నో ఏళ్ళు వేలాడింది మెర్కేటర్ పటం. 1569 నాటిది, నావికుల కోసం గీసింది. దిక్సూచి చూపించిన ఒకే దిశలో ఓడ నడిపితే ఆ దారి ఆ పటం మీద సరళరేఖగా వస్తుంది. ఆ పనికి అది అద్భుతం. కానీ ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ అన్నిటినీ సాగదీస్తుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెండింతలు, వైశాల్యం నాలుగింతలు అవుతుంది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి గ్రీన్‌లాండ్ దాదాపు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా దాదాపు 3 కోట్లు. అంటే పద్నాలుగు రెట్లు! అలాస్కా, బ్రెజిల్ దగ్గరదగ్గర ఒకే సైజులో కనిపిస్తాయి, కానీ బ్రెజిల్ ఐదు రెట్లు పెద్దది. ఈ పటం చూస్తూ పెరిగిన పిల్ల మనసులో ఆఫ్రికా ఎంత చిన్నదైపోతుందో ఆలోచించండి. నాకిది చాలా బాధ కలిగించే విషయం.

తెర వైపు వాళ్ళకు కూడా ఒక మాట. ఆన్‌లైన్ మ్యాపుల్లో చాలావాటికి ఆధారం ఆ మెర్కేటరే. గూగుల్ మ్యాప్స్ కూడా కంప్యూటర్లో బాగా వెనక్కి జరిపినప్పుడు గోళంగా కనిపించడం మొదలైంది 2018లోనే.

"సరైన" పటం ఏదని అడిగితే, అలాంటిది లేదు. గోళం ఉపరితలాన్ని ఎక్కడా సాగదీయకుండా చదును చేయడం అసాధ్యమని గణిత శాస్త్రజ్ఞుడు గౌస్ 1827లోనే నిరూపించాడు. నారింజ తొక్కను బల్ల మీద పరచమని పిల్లలకు ఇవ్వండి, గౌస్ పేరు చెప్పకుండానే అర్థమైపోతుంది. గాల్-పీటర్స్ పటంలో వైశాల్యాలు సరిగ్గా ఉంటాయి, ఆకారాలు మాత్రం భూమధ్యరేఖ దగ్గర నిలువుగా సాగిపోతాయి. 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ పటంలో వైశాల్యాలు నిజమైనవే, చూడ్డానికీ బాగుంటుంది. నా సలహా, ఒకే గోడ మీద మెర్కేటర్, ఈక్వల్ ఎర్త్ రెండూ పక్కపక్కన పెట్టండి. రెండింటి మీదా గ్రీన్‌లాండ్‌ను ట్రేసింగ్ పేపర్ మీదికి దించి, గ్రాఫ్ గళ్ళు లెక్కపెట్టించండి. ఏది అబద్ధం అని పిల్లలే అడుగుతారు. ఏది దేనికోసం గీశారన్నదే అసలు పాఠం.

కొత్తమేష్టారు:
నేను ఈ ఏడాదే ఉద్యోగంలో చేరాను. గ్లోబు, పటం, తెర... అన్నీ భూగోళమే. మరి సోషల్‌లో చరిత్ర, పౌరశాస్త్రం, ఆర్థిక శాస్త్రం కూడా ఉన్నాయి కదా? వాటికి మనం ఏం కొంటున్నాం? నా మటుకు నాకు వార్తాపత్రికలే పెద్ద వనరు. ఒకే సంఘటన గురించి రెండు పత్రికల శీర్షికలు కత్తిరించి పక్కపక్కన అంటించి, తేడా ఎక్కడుందో చెప్పమంటాను. చిన్న పిల్లలు కూడా బాగా పట్టుకుంటారు.

పటాలతోనే చరిత్ర చెప్పాలనుకుంటే 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో గీసిన వీధి పటం ఉంది. చనిపోయినవాళ్ళ ఇళ్ళ దగ్గర గుర్తులు పెట్టుకుంటూ పోతే, అవి బ్రాడ్ వీధి నీళ్ళ పంపు చుట్టూ గుమిగూడాయి. ఫొటోకాపీ తీసి ఇస్తే చాలు, ఎక్కడ తప్పు జరుగుతోందో పిల్లలే వెతుకుతారు. దీనికి తెరా అక్కర్లేదు, గ్లోబూ అక్కర్లేదు.

వేలికొసలు:
ఇంతసేపూ అందరూ "చూపించడం" గురించే మాట్లాడుతున్నారు. మా తరగతిలో చూపు లేని బాబు ఒకడుండేవాడు. నున్నటి గ్లోబు వాడికి ఉత్త బంతి. తెర అయితే ఉత్త గాజు. మొదటి నెల రోజులూ భూగోళం పీరియడ్‌లో వాడు చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నాకు రాత్రుళ్ళు అదే గుర్తొచ్చేది.

తర్వాత ఒక అట్ట ముక్క మీద ఖండాల అంచుల వెంట జిగురు పెట్టి మందపాటి దారం అంటించాను. నదులకు సన్న నూలు, ఎడారులకు గరుకు కాగితం, కొండలకు ఎండిన బంకమట్టి. నున్నగా వదిలేసిందంతా సముద్రం. మొదటి పటంలో అన్నీ కుక్కేశాను, వాడికి ఏదీ తెలియలేదు. అప్పుడర్థమైంది, వేళ్ళతో చదివే పటంలో తక్కువ విషయాలుండాలి, వాటి మధ్య ఎడం ఉండాలి. అందుకే మూడు పటాలు చేశాను, దేశాలకొకటి, నదులకొకటి, కొండలకొకటి. నైలు నది మీద దక్షిణం నుంచి ఉత్తరానికి వేలు నడిపి, "ఇది పైకి పారుతోందా టీచర్?" అని అడిగాడు వాడు. చూపున్న నలభై మందిలో ఎవరికీ రాని ప్రశ్న. పటంలో పైన ఉండటం వేరు, ఎత్తుగా ఉండటం వేరు అని ఆ రోజు తరగతి మొత్తం నేర్చుకుంది. మిగతా పిల్లలు కూడా కళ్ళు మూసుకుని ఆ పటం చదువుతామని పోటీ పడ్డారు.

కొనేది ఏదైనా కొనండి. ఆ గదిలో వేళ్ళతో చదివే పటం ఒక్కటైనా ఉండాలని నా విన్నపం.

రేఖాంశం:
వేలికొసలు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా బడిలో కూడా చూపు బాగా తక్కువున్న పాప ఉంది. నా లిస్టు రాసేటప్పుడు ఆ పాప నాకు గుర్తే రాలేదు, సిగ్గేస్తోంది. కొండలు ఉబ్బెత్తుగా ఉండే గ్లోబు ఒకటి కొంటే ఉపయోగపడుతుందా?

త్రికోణమితి:
ఖండాలను తడిమి తెలుసుకోడానికి బాగుంటుంది. కాకపోతే ఎత్తుల్ని బాగా పెంచి చేస్తారని పిల్లలకు చెప్పండి. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే దాదాపు 425 కిలోమీటర్లు. ఆ లెక్కన 8,849 మీటర్ల ఎవరెస్టు 0.2 మిల్లీమీటర్లే, వేలికి తగిలీ తగలనట్టుంటుంది.

అదే గ్లోబుతో ఇంకో పని చేయించండి. ఎనిమిది సెంటీమీటర్ల బంతి ఇచ్చి, ఇది చంద్రుడు, గ్లోబుకి ఎంత దూరంలో పెట్టాలో పెట్టమనండి. చాలామంది మూర దూరంలో పెడతారు. లెక్క ప్రకారం తొమ్మిది మీటర్లు. బంతి పట్టుకుని గది దాటి వరండాలోకి నడవాలి. ఇది చూపుతో పని లేని పాఠం, ఆ పాప కూడా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవచ్చు.

నదీతీరం:
రేఖాంశం సార్, ఇంతకీ ఏం చేస్తున్నారు? నేనింకా తెర వైపే ఉన్నాను. అరల్ సముద్రం ఎండడాన్ని దారంతో చూపించలేం.

రేఖాంశం:
చూపించలేం, ఒప్పుకుంటాను. నా ఇబ్బంది ఒక్కటే మేడమ్. తెర దగ్గర ఒక్కరి చేయే పనిచేస్తుంది, మిగతా అందరూ చూస్తూ కూర్చుంటారు. అదీ చాలాసార్లు టీచర్ చేయే. మీ పిల్లాడు లేచొచ్చి ఉత్తరపు ముక్కను చూపించాడంటే, అది మీరు వాణ్ణి రానిచ్చారు కాబట్టి. అందరూ రానివ్వరు.

సోమవారం మీటింగ్‌లో ఇలా అడగబోతున్నాను. గ్లోబులు పది కాదు, ఐదు. వాటిలో ఒకటి ఉబ్బెత్తుది. గోడకు రెండు రకాల ప్రపంచ పటాలు. పెద్ద టచ్ తెర బదులు మామూలు ప్రొజెక్టర్, నెట్ లేని రోజు కోసం అరల్ వీడియో ముందే దించుకుని పెట్టుకుంటాను. వేళ్ళతో చదివే పటాలు ఎనిమిదో తరగతి పిల్లలతో చేయిస్తాను. డబ్బు చాలకపోతే అట్లాసులు సగానికి తగ్గిస్తాను.

నదీతీరం:
అట్లాసులు మాత్రం తగ్గించకండి సార్. కావాలంటే ప్రొజెక్టర్‌ని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. వెనక సూచికలో పేరు వెతికి, అక్షాంశం, రేఖాంశం చూసుకుని, పేజీ తిప్పి ఊరు పట్టుకోవడం మా పిల్లలకు రావట్లేదు. పేరు టైప్ చేస్తే తెరే అక్కడికి తీసుకెళ్ళిపోతుంది, దారిలో ఏముందో చూడరు. తెర వాడుతున్న నాకే ఈ లోటు కనిపిస్తోంది. ఇద్దరికొక అట్లాస్ అయినా ఉంచండి. అరల్ వీడియో నా దగ్గరుంది, పంపిస్తాను, ప్రొజెక్టర్ వచ్చేదాకా ల్యాప్‌టాప్ చుట్టూ ఎనిమిదేసి మందిని కూర్చోబెట్టి చూపించండి.