ఈ వారం సమస్య: తోక లేని యెద్దు తోక నూపె

ఇది పద్యానికి చివరి పాదం; ముందు మూడు పాదాలూ రాసి దీనికి అర్థం కుదర్చడమే పూరణ. ఛందస్సు ఆటవెలది. బండలాగుడు పోటీలు చూసొచ్చిన మర్నాడు తట్టిన పాదం ఇది. ఒంగోలు గిత్త అంటే అందరి కళ్లూ మూపురం మీదే, నాకేమో ఆ నల్ల కుచ్చు తోక మీద. ఒకటే షరతు: "కలలో కంటిని" అని తప్పించుకోవద్దు. వచ్చిన పూరణలివి, గీత పెట్టినవి నా మాటలు.

గుండ్లకమ్మ:
పిల్లి పట్టబోవ బల్లి తోక విడిచె;
నేల మీద తెగిన దెగిరి పడియె;
చూచి కొట్టమందు చోద్యమంచు తలచి
తోక లేని యెద్దు తోక నూపె.

– యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం పడటం; దాని బదులు రెండో అక్షరాలు కలిస్తే (పిల్లి–బల్లి) ప్రాసయతి. మొదటి పాదంలో అది బాగా పడింది. రెండో పాదంలో నే–దె యతి చెల్లదు; చివర "తునక నిలువ కాడె" అంటే సరి. విషయం నిజమే. బల్లి తోక పూసల్లోనే తెగడానికి వీలైన చోట్లుంటాయి. తెగిన ముక్క గెంతుతుంటే పిల్లి దాన్ని చూస్తుంది, బల్లి దూలం ఎక్కేస్తుంది. మళ్లీ మొలిచిన తోకలో ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది. అంతా బాగుంది గానీ, ఎద్దుకు తోక ఎక్కడిదండీ? ముడి విడలేదు.

పెన్నాతీరం:
మేత కోరదాయె, మేలైన ట్రాక్టరు,
కొమ్ము, గిట్ట లేదు, కుచ్చు లేదు;
వెనుక బండి కట్ట వీధి మలుపులోన
తోక లేని యెద్దు తోక నూపె!

– నవ్వించారు. "మేలైన" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది.

కావలి కోడలు:
తెగిన తోక మొదలు తెలియక జోరీగ
వ్రాలె వీపు పైన, వాడుకగను
మొండి కదల జాలు మొదలి కండల వల్ల;
తోక లేని యెద్దు తోక నూపె.

– పూరణంటే ఇదీ! మొదలు, మొదలి అంత దగ్గరగా రాకుంటే ఇంకా బాగుండేది. తోకంటే వెన్నెముక చివరే. ఎద్దుకు అందులో 18 నుంచి 20 పూసలుంటాయి. కదిపే కండరాలు నడుం వెనక నుంచే బయల్దేరతాయి, అందుకే మొండి కూడా ఊగుతుంది. ఊగుతుంది గానీ ఈగ లేవదు, దాన్ని తోలేది కుచ్చే. మా దూడకు తోక తెగిన ఏడు వేసవంతా నాన్న దాని మీద గోనెపట్టా కప్పేవాడు.

గుండ్లకమ్మ: నా పద్యంలో తోక ఎక్కడిదన్నారు. కాడికి రెండెద్దులు కదండీ, ఊపింది రెండోది!

– ఆ మాట పద్యంలో రావాలి, వ్యాఖ్యలో కాదు.

వచ్చే వారానికి: పురిని విప్పె నెమలి పుచ్ఛ ముడిచి. పుచ్ఛమంటే తోక. చిన్న ఆసరా: పురి విప్పే ఈకలు వీపువి. అసలు తోక పొట్టిగా వెనక నిలబడి వాటిని మోస్తుంది.