తెలంగాణలో ట్రాఫికింగ్ కేసులు ఎక్కువ అంటే ఏమని అర్థం? ప్రాజెక్ట్ కోసం అడుగుతున్నా

హన్మకొండ_ఎంఎస్‌డబ్ల్యూ
అన్నలూ అక్కలూ, నేను ఎంఎస్‌డబ్ల్యూ ఫైనలియర్ (సోషల్ వర్క్ పీజీ), డిసర్టేషన్‌కు మానవ అక్రమ రవాణా టాపిక్ తీసుకున్నాను. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్క తీస్తే 2022లో దేశం మొత్తం మీద 2,250 కేసులు, అందులో 391 మన దగ్గరే, రాష్ట్రాల్లో ఫస్ట్. 2021లో కూడా మనమే ఫస్ట్. దీన్ని పట్టుకుని "తెలంగాణలోనే ఎందుకింత" అని మొదలుపెట్టొచ్చా? ఇంకోటి, ఫీల్డ్‌వర్క్‌లో జూనియర్ కాలేజీల్లో అవగాహన క్లాసులు తీసుకోవాలి, చేతికి ఒక పాత పీపీటీ ఇచ్చారు, నిండా సంకెళ్ల చేతులు, ఏడుస్తున్న అమ్మాయిల ఫొటోలు. అది చూపిస్తే పిల్లలకు ఏమన్నా పనికొస్తుందా? కాపాడి తెచ్చినవాళ్లను కలిసి మాట్లాడొచ్చా?

పెద్దపల్లి_అన్న
తమ్మీ, 391 అంటే పోలీసులు రాసిన కేసులు, జరిగిన నేరాలు కావు. కేసు రాయని రాష్ట్రానికి అంకె తక్కువ వస్తుంది, అంతే. అక్కడ అంతా బాగుందని కాదు. మన దగ్గర నేరం లేదని కూడా నేను అనట్లేదు, ఆ ఒక్క అంకెతో రెండింట్లో ఏదీ తేలదు.

ఉదాహరణకు మా వైపు ఇటుక బట్టీలు చూడు. ఒడిశాలో బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి, సర్దార్ (కూలీలను తెచ్చే మేస్త్రీ) అక్కడ ఊళ్లోనే అడ్వాన్స్ చేతిలో పెడతాడు, ఆ బాకీ తీరేదాకా బట్టీ దాటనియ్యకపోతే అది 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ. మోసం చేసి తెచ్చి చాకిరీ చేయించుకుంటే ట్రాఫికింగ్ సెక్షన్ కూడా పడాలి, పాత ఐపీసీలో 370, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 143. "వాళ్లు ఇష్టపడే వచ్చారు సార్" అని యజమాని అంటే చెల్లదు, బాధితుల సమ్మతిని లెక్కలోకి తీసుకోరని చట్టంలోనే ఉంది. కానీ అదే గొడవ కూలి డబ్బుల పంచాయితీగా సెటిల్ అయిందనుకో, నీ 391లో అది కనపడదు. కాబట్టి ఎన్ని కేసులని కాకుండా ఏ పనికి ఏ సెక్షన్ పెట్టారు, వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రాలు ఎంతమందికి ఇచ్చారు అని వెతుకు. ఆర్టీఐ పెట్టు, టైమ్ పడుతుంది గానీ అక్కడే సరుకుంది.

కోరుట్ల_టు_దుబాయ్
ఆ పీపీటీ పక్కన పెట్టు భాయ్. మా దగ్గర పొలగాళ్లు సంకెళ్ల ఫొటో చూసి "మనకేం సంబంధం" అనుకుంటారు. వాళ్లకు వచ్చేది డేటా ఎంట్రీ ఉద్యోగం, బ్యాంకాక్ టికెట్, మంచి జీతం, చెప్పేదేమో తెలిసినోడే. దిగినాక మయన్మార్‌లోని మయావడీలోనో కంబోడియాలోనో పాస్‌పోర్ట్ గుంజుకుని సైబర్ మోసాలు చేయిస్తారు. 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసు ఇచ్చిన అంచనా ప్రకారం ఇట్లా ఇరుక్కున్నవాళ్లు మయన్మార్‌లోనే కనీసం 1,20,000, కంబోడియాలో దాదాపు లక్ష. 2025 మార్చిలో మనోళ్లను వందల మందిని ఎయిర్‌ఫోర్స్ విమానాల్లో తెచ్చారు.

అసలు చిక్కు ఏంటంటే, గల్ఫ్‌కు పోయే చదువురానోళ్ల కోసం పెట్టిన రక్షణ వీళ్లకు తగలదు. పది పాసైతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలన్న ముద్ర) ఉండదు, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, ఇంటర్, డిగ్రీ చేసినోడు విజిట్ వీసా మీద నేరుగా పోతాడు. మీ సారోళ్లు రీసెర్చ్ చేయాల్సింది ఇదీ. క్లాసులో ఫోన్ తీయించి సర్కారు వారి ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంట్ లైసెన్స్ వెతికించు, లైసెన్స్ ఉన్నోడు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోవద్దని చెప్పు. మా ఊళ్లలో ఎంత గుంజుతారో అడిగితే వాళ్లే చెప్తారు.

ములుగు_టీచరమ్మ
పై అన్న చెప్పింది మగపిల్లల వరకు సరే. ఆడపిల్లల క్లాసులో భయపెట్టే ఫొటోలు చూపిస్తే ఇంకో నష్టం ఉంది: ఇంటికి పోయి చెప్తారు, తల్లిదండ్రులు "అయితే కాలేజీ మానెయ్యి, పెళ్లి చేస్తాం" అంటారు. ట్రాఫికింగ్ క్లాసు బాల్యవివాహానికి దారి తీయడం ఏం న్యాయం? బయటికి పోవద్దు అని చెప్పకండి, పోయే ముందు ఏం చూసుకోవాలో చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు నోట్‌బుక్‌లో రాయించండి, వీలైతే పేరెంట్స్ మీటింగ్ రోజే రండి. హైదరాబాద్‌లో ట్రాఫికింగ్ బాధితుల కోసం పనిచేసే ప్రజ్వల సంస్థ 1996లో మొదలైంది కూడా బడితోనే, మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటిక ఖాళీ చేయించినప్పుడు అక్కడి ఆడవాళ్ల పిల్లల కోసం. చదువు ఆగకుండా చూడడం కూడా నివారణే, దాన్ని మీ డిసర్టేషన్‌లో ఒక చాప్టర్ చేయొచ్చు. ప్రాక్టికల్స్ టైమ్‌లో మాత్రం రాకండి బాబూ, ఎవరూ వినరు.

హన్మకొండ_ఎంఎస్‌డబ్ల్యూ
థాంక్యూ అందరికీ, మొదటి లైన్ మార్చేస్తా. ఇంటర్వ్యూల సంగతి ఎవరూ చెప్పలేదు?

పెద్దపల్లి_అన్న
పిల్లల జోలికి పోకు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం వాళ్ల పేరు, బడి, ఊరు ఏదీ బయటపెట్టకూడదు, పైగా జరిగింది మళ్లీ చెప్పించడమే వాళ్లకు ఒక శిక్ష. కోర్టుల సైట్ ఈ-కోర్ట్స్‌లో తీర్పులు తీసి చదువు, ఎవరు మాట్లాడారు, డబ్బు ఎట్లా చేతులు మారింది, సాక్షులు ఎక్కడ వెనక్కి పోయారు అన్నీ తెలుస్తాయి. గల్ఫ్ నుంచో కంబోడియా నుంచో తిరిగొచ్చిన పెద్దవాళ్లతో మాట్లాడాలంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, అప్పు ఎవరి దగ్గర తెచ్చావన్నా అని మొదలుపెట్టు.